నాలుగో గోడ

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత గుమాస్తా చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పది రోజుల క్రితం మా ఇంటికి వచ్చి, "మీరు కూడా ఓ పది నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. వేతన సవరణ గురించి, కరువు భత్యం బకాయిల గురించి నాకంటే బాగా మాట్లాడేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆరోగ్య సూత్రాలు చెప్పడానికి డాక్టరుగారు వచ్చారు. భగవద్గీత గురించి పోయిన సంవత్సరమే చెప్పుకున్నాం. ఇక నాకు మిగిలిందేమిటి? నాకు ఈ మధ్య బాగా తెలిసివచ్చిన విషయం ఒక్కటే. అది మా ఇంట్లో ఒక గది గోడలకు వేసిన రంగు సంగతి. "ఇంత పెద్ద సభలో గోడ రంగు గురించా?" అని నవ్వుకోకండి. ఆ గోడ నాకు నేర్పిన పాఠం 36 సంవత్సరాల సర్వీసులో ఏ ఆడిట్ పార్టీ నేర్పలేదు.

మన కాలంలో ఇంటికి రంగు అంటే ఏమిటి? సంక్రాంతి వస్తోందంటే గుల్ల సున్నం తెచ్చి తొట్టిలో నానబెట్టడం, అది కుతకుత ఉడుకుతుంటే పిల్లల్ని దూరంగా ఉండమని కేకలెయ్యడం, వడగట్టి అందులో ఇంత బంక, ఇంత నీలిమందు కలిపి కుంచెతో రెండు పూతలు వెయ్యడం. అన్ని గదులకూ ఒకటే తెలుపు. ఎవరింట్లోనూ రంగు కలవలేదన్న గొడవ లేదు. నీలిమందు ఎక్కువైతే ఆ ఏడాది ఇల్లు కాస్త నీలంగా ఉండేది, అంతే. తరువాత పొడి డిస్టెంపర్లు వచ్చాయి. భుజం ఆనితే చొక్కాకు అంటుకునేవి. ఆ పైన ఆయిల్ బౌండ్ డిస్టెంపర్లు, ఆ తరువాత ఎమల్షన్లు. చేతిలో కుంచె, కారుతున్న రంగుడబ్బా పట్టుకుని నిలబడ్డ ఆ అల్లరి పిల్లవాడి బొమ్మ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దాని పేరు గట్టు. 1954లో ఏషియన్ పెయింట్స్ వారి కోసం ఆర్.కె. లక్ష్మణ్ గారు గీసిన బొమ్మ అది. అప్పట్లో కంపెనీవారు ఏ రంగు డబ్బాలో పోసి పంపితే ఆ రంగే కొనేవాళ్ళం. ఇప్పుడలా కాదు. షాపులో తెల్లటి బేస్ డబ్బా ఉంటుంది. మనం షేడ్ కార్డులో వందల ముక్కల్లోంచి ఒకటి చూపిస్తే, మిషను దానికి తగిన రంగు చుక్కలు లెక్కప్రకారం వేసి, డబ్బాను గిరగిరా కుదిపి ఇస్తుంది. చుక్కలు లెక్కప్రకారం పడతాయి కానీ, చూపించే వేలు మనది కదా. అక్కడే వస్తుంది చిక్కు.

ఇక విషయానికి వస్తాను.

రెండేళ్ళ క్రితం మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఆవిడ పగలంతా మా ఇంటి నడిమి గదిలోనే ఉంటుంది. ఆ గది గోడలు పదేళ్ళనాటి రంగుతో, అగరొత్తుల పొగతో మాసిపోయి ఉన్నాయి. "ఏమండీ, రోజంతా ఈ గోడలే చూడాలి. కాస్త లేత సంపెంగ రంగు వేయించండి. సంక్రాంతికి పిల్లలు కూడా వస్తారు" అంది. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఇది కావాలని అడిగిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. సరేనన్నాను.

మా పేటలో చాలా ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. తమ్మిలేరు గట్టువైపు ఉంటాడు. యాభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ మనిషి. ఆయన వచ్చి టేపు పెట్టి కొలిచాడు. గది 12 అడుగులు, 11 అడుగులు, ఎత్తు 10. చుట్టుకొలత 46ను పదితో హెచ్చిస్తే 460 చదరపు అడుగులు. రెండు తలుపులు, ఒక కిటికీ తీసేస్తే సుమారు 400. "బాబుగారూ, పాత గోడ. లప్పం పెట్టి ప్రైమర్ కొట్టినా రంగు తాగుతుంది. రెండు పూతలకి లీటరుకి ఎనభై, తొంభై అడుగులకి మించి రాదు. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి, మొత్తం అయిదు లీటర్లు ఒకేసారి తెచ్చేయండి" అన్నాడు.

మనం గుమాస్తాలం కదా! ఎవరు ఎస్టిమేట్ వేసినా అందులో ఇరవై శాతం కోత పెట్టనిదే నిద్రపట్టదు. డబ్బామీద ముద్రించిన లెక్క చూశాను. అందులో అడుగులు ఎక్కువే ఉన్నాయి. అది నున్నటి కొత్త గోడకు వేసే లెక్క అన్న ఆలోచన నాకు రాలేదు. నాలుగు లీటర్ల డబ్బా ఒక్కటే తెచ్చాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు, వేలకు వేలు ఖర్చుపెట్టి లీటరు రంగు దగ్గర పొదుపు చేశాను. షాపువాడు ఇచ్చిన రసీదు, షేడ్ నంబరు రాసిన చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ చొక్కా చాకలికి వెళ్ళింది. రికార్డు సెక్షన్లో ఆరేళ్ళు పనిచేసినవాడి నిర్వాకం ఇది.

మేస్త్రి పని మొదలుపెట్టాడు. ఉప్పుకాగితంతో రుద్ది, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, నాలుగు గోడలకూ మొదటి పూత వేశాడు. రెండో పూత మూడు గోడలకు పూర్తయ్యేసరికి డబ్బా అడుగున కాస్త రంగు మిగిలింది. నాలుగో గోడ తూర్పు గోడ. దానికి తలుపూ లేదు, కిటికీ లేదు, నిండు గోడ. మేస్త్రి ఆ గోడ మొదలుపెట్టలేదు. మూల దగ్గర ఆగి, "బాబుగారూ, ఇంకో లీటరు కావాలి. అదే నంబరు, అదే రకం తెండి. రాగానే ఈ మిగిలినది కూడా అందులో కలిపేసి కొడతాను" అన్నాడు.

నేను షాపుకు వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రవాడు, "షేడ్ నంబరెంత తాతగారూ?" అని అడిగాడు. చీటీ లేదు. "పాత డబ్బా పట్టుకొస్తారా? దానిమీద ఉంటుంది" అని కూడా అన్నాడు. ఎండలో మళ్ళీ ఇంటికెళ్ళి రావాలా? "నంబరెందుకయ్యా, నాకు కళ్ళు లేవా? ఆ కార్డు ఇలా ఇయ్యి" అన్నాను. కార్డు చూసి, నా మనసులో ఉన్న సంపెంగ రంగుమీద వేలు పెట్టాను. "మామూలు మ్యాటా, మెరుపు రకమా?" అన్నాడు. "మంచిదేదో అదే ఇయ్యి" అన్నాను. ఇచ్చాడు. షాపువాడి తప్పు ఇందులో ఇసుమంతైనా లేదని మనవి చేస్తున్నాను.

నేను డబ్బా అందించాను. మేస్త్రి మూత తీసి కాసేపు చూశాడు. "ఇది అదేనంటారా బాబుగారూ?" అన్నాడు. "అదే. నేను స్వయంగా చూసి తెచ్చాను" అన్నాను. "పాతది కూడా కలపమంటారా?" అన్నాడు. "కొత్తదాంట్లో అడుగంటినది కలపడమెందుకు, వద్దు" అన్నాను. ఇంక ఆయన మాట్లాడలేదు. వేశాడు.

మర్నాడు ఉదయం గోడ ఆరింది. మా ఆవిడ కర్ర ఊతంతో గదిలోకి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఇదేమిటండీ, మూడు గోడలకు పసుపు రాసి నాలుగో గోడకు మజ్జిగ పోసినట్టుంది?" అంది. నేను చూశాను. నిజం చెబుతున్నాను, నాకు తేడా అంతగా కనబడలేదు. "నీ భ్రమ" అన్నాను. రాత్రి లైటు వేశాక చూస్తే మాత్రం ఆ గోడ మిగిలినవాటిలా లేదని నాకు కూడా అనిపించింది. లైటు దానిమీద పడి మెరుస్తోంది. అప్పుడు నా బుర్ర ఆఫీసు పద్ధతిలో పనిచేసింది. సరుకు తెచ్చింది నేను. సరిచూసింది నేను. కనుక సరుకులో తప్పుండదు. గోడ వెలవెలబోతోందంటే మేస్త్రి నీళ్ళు ఎక్కువ కలిపి ఉండాలి. కలిపితే కొంత రంగు మిగిలి ఉండాలి. మిగిలింది ఏమైంది? పట్టుకుపోయి ఉంటాడు. చూశారా, ఒక్క కాగితం లేకుండా పూర్తి చార్జిషీటు తయారయిపోయింది.

మేస్త్రి కూలీ 5,000 రూపాయలు మాట్లాడుకున్నాం. 3,000 ఇచ్చాను. మిగిలిన 2,000 కోసం వచ్చిన రోజున, వీధి అరుగుమీద నిలబెట్టి అడగవలసినవి, అడగకూడనివి అన్నీ అడిగాను. ఆయన ఒక్కటే మాట అన్నాడు. "బాబుగారూ, నీళ్ళెక్కువ కలిపితే పూత పల్చబడి, కిందున్న మొదటి పూత పసుపే పైకి కనబడాలి కదండీ. తెల్లబడదు కదండీ." ఎంత న్యాయమైన మాట! వినే స్థితిలో ఉంటే కదా. "ఇంక అటకమీద..." అని ఏదో చెప్పబోయాడు. "ఇంకేమీ చెప్పకు. గోడ సరిచేసి డబ్బు పట్టుకెళ్ళు" అన్నాను. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఆయన తలవంచుకుని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పండుగ వచ్చింది, పిల్లలు వచ్చారు, వెళ్ళారు. మా అమ్మాయి ఆ గోడ చూసి, "నాన్నా, ఇది ఫ్యాషనా?" అని అడిగింది. నేను "మేస్త్రి మోసం" అన్నాను. ఆ మాట వీధిలో నలుగురి దగ్గరా కూడా అన్నాను.

పండుగ తరువాత నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అంతకు ఆరు నెలల ముందే డాక్టరుగారు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని చెప్పారు. బాగానే కనబడుతోంది కదా అని నేనే వాయిదా వేశాను. కట్టు విప్పిన రోజున మొదట ఆశ్చర్యం వేసింది నర్సమ్మ కోటు చూసి. అంత తెలుపు నేను చూసి ఎన్నేళ్ళయిందో! ఇంటికి వచ్చి నడిమి గదిలో మంచం మీద కూర్చున్నాను. ఎదురుగా ఆ నాలుగో గోడ. మా ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మూడు గోడలు సంపెంగ, నాలుగోది మజ్జిగ. అనుమానం వచ్చి కుడికన్ను మూసి, ఆపరేషన్ కాని ఎడమకన్నుతో చూశాను. నాలుగు గోడలూ దాదాపు ఒకటే రంగు! మళ్ళీ ఎడమకన్ను మూశాను. మజ్జిగ. కుడికన్ను మూశాను. సంపెంగ. నేనలా కళ్ళు మార్చి మార్చి మూస్తుంటే మా ఆవిడ కంగారుపడి, "ఏమైందండీ, డాక్టరుగారికి ఫోను చెయ్యమంటారా?" అంది.

తరువాతి వారం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. వయసుతో కంటిలోని కటకం మెల్లమెల్లగా పసుపుబారుతుందట. పసుపు అద్దంలోంచి చూసినట్టు, నీలం, ఊదా వెలుతురు లోపలికి సరిగా పోదు. తెలుపు, లేత పసుపు, వెన్నరంగు, వీటి మధ్య తేడా చెరిగిపోతుంది. ఈ మార్పు ఏళ్ళతరబడి కొంచెం కొంచెంగా వస్తుంది కనుక మనకు తెలియదు. కటకం తీసి కొత్త లెన్సు వేశాకనే తెలుస్తుంది. ఫ్రాన్సు దేశపు గొప్ప చిత్రకారుడు క్లాడ్ మోనే గారికి కూడా 1923లో కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగిందనీ, ఆ తరువాత రంగులు మునుపటిలా కనబడటం లేదని ఆయన చాలా బాధపడ్డారనీ కూడా డాక్టరుగారు చెప్పారు. రంగులే జీవితమైన మహానుభావుడికే అలా అయితే, నీలం, ఎరుపు, ఆకుపచ్చ సిరాలు తప్ప నాలుగో రంగు ఎరగని గుమాస్తాగాడి సంగతి చెప్పాలా? పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. నా విషయంలో తెల్లదీ పచ్చదీ ఒక్కటైపోయాయి.

ఇక మనసు ఊరుకోలేదు. పెరట్లోకి వెళ్ళాను. నాలుగు లీటర్ల ఖాళీ డబ్బాను మా ఆవిడ కడిగించి తులసి మొక్కకు నీళ్ళు పోయడానికి పెట్టుకుంది. దానిమీద లేబులు చెక్కు చెదరలేదు. లీటరు డబ్బా మెట్లకింద దొరికింది. రెండు లేబుళ్ళూ పక్కపక్కన పెట్టి, ఆఫీసులో రెండు సంతకాలు పోల్చినట్టు పోల్చాను. షేడ్ నంబరు వేరు. రకం కూడా వేరు, ఒకటి మ్యాట్, ఒకటి మెరుపు రకం. రెండు పత్రాలూ నామీదే సాక్ష్యం చెప్పాయి. అప్పుడు మేస్త్రి సగంలో ఆపిన మాట గుర్తుకొచ్చింది. పనిపిల్లవాణ్ణి అటక ఎక్కించాను. ఒక పాత హార్లిక్స్ సీసాలో, గట్టిగా మూత బిగించి, పావులీటరు సంపెంగ రంగు ఉంది. సీసా మీద కాగితం అంటించి "నడిమి గది" అని రాసి ఉంది. ఆయన పట్టుకుపోయాడని నేను నలుగురికీ చెప్పిన రంగు అదే.

సోదరులారా, ఆ సీసా చేతిలో పట్టుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

అదే సాయంత్రం 2,000 రూపాయలు తీసుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళాను. అప్పటికి 24 రోజులు గడిచాయి. ఆయన బయట మంచంమీద కూర్చుని కుంచెలు కడుగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మేస్త్రీ, తప్పు నాది. నంబరు చూడకుండా వేరే రంగు తెచ్చింది నేను. ఇదిగో నీ డబ్బు. నన్ను క్షమించు" అన్నాను. ఆయన "ఫరవాలేదండీ" అంటాడనుకున్నాను. అనలేదు. డబ్బు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. తరువాత మెల్లగా, "డబ్బు ఆలస్యమైందని కాదు బాబుగారూ. మీ పక్కవీధిలో మేడ పని నాకు మాటిచ్చారు. పండగయ్యాక మొదలెట్టాలి. మీ ఇంటి గొడవ విని వద్దన్నారు. ఇరవై రోజుల పని అండీ అది" అన్నాడు.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రే ఆ మేడ యజమాని ఇంటికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మర్యాదస్తుడే. "అయ్యో, అప్పుడే వేరేవాళ్ళకు అడ్వాన్సు ఇచ్చేశామండీ" అన్నారు. నేను నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవడానికి వీధిలో ఆరిళ్ళకు వెళ్ళాను. కొందరు నవ్వారు. కొందరు "పోనివ్వండి మాస్టారూ" అన్నారు. పోయిన ఇరవై రోజుల పని మాత్రం తిరిగి రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడిగినా కొన్ని మరకలు పోవు.

వారం తరువాత మేస్త్రి తనంతట తానే వచ్చాడు. "అమ్మగారు రోజంతా ఆ గోడ చూస్తూ కూర్చోవాలి కదండీ" అన్నాడు. నా మొహం చూసి కాదు, మా ఆవిడ మోకాలు చూసి వచ్చాడన్నమాట. ఈసారి నాతోపాటు షాపుకు వచ్చాడు. తులసి డబ్బా కూడా తీసుకెళ్ళాం. ఆ నంబరే, ఆ రకమే లీటరు కలిపించాం. మెరుపు గోడను ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, హార్లిక్స్ సీసాలోని రంగును వడగట్టి కొత్తదానిలో కలిపి, ఈ మూల నుంచి ఆ మూల వరకు ఆగకుండా రెండు పూతలు వేశాడు. వేస్తున్నప్పుడు నేను స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. మీకందరికీ పనికివస్తాయని ఆ సంగతులు వరుసగా మనవి చేస్తాను.

మొదటిది. ఒక గదికి కావలసిన రంగంతా ఒకేసారి, ఒకే షాపులో, ఒకే రకం కొనాలి. కంపెనీ కలిపి పంపిన రంగైతే డబ్బాలమీద బ్యాచి నంబరు కూడా ఒకటేనా అని చూసుకోవాలి. రెండు మూడు డబ్బాలుంటే మొదలుపెట్టే ముందే అన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపెయ్యాలి. డబ్బాకూ డబ్బాకూ రవ్వంత తేడా ఉన్నా కలిసిపోతుంది.

రెండవది. షేడ్ నంబరు, పేరు, రకం, కొన్న తేదీ ఒక కాగితంమీద రాసి ఇంటి పత్రాలతోపాటు భద్రపరచాలి. ఇంకా సులువు, మనవళ్ళచేత లేబులును సెల్‌ఫోనులో ఫోటో తీయించడం. నంబరు ఒకటైనా రకం మారితే రంగు మారినట్టే కనబడుతుంది. ఎందుకంటే మ్యాట్ రంగు వెలుతురును చెదరగొడుతుంది, మెరుపు రకం అద్దంలా తిరగ్గొడుతుంది.

మూడవది. తడి రంగును చూసి తీర్పు చెప్పకూడదు. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్టు తేలికగా ఉంటుంది, ఆరాక సాధారణంగా కాస్త ముదురుతుంది. ముందుగా ఓ రెండడుగుల మేర వేసి, ఒకరోజు ఆరనిచ్చి, పొద్దున ఎండలో, సాయంత్రం, రాత్రి దీపం కింద మూడుసార్లు చూడాలి. పగటి వెలుతురులో ఒకటిగా ఉన్న రెండు రంగులు ఎల్.ఇ.డి. దీపం కింద వేరుగా కనబడవచ్చు. షాపులో చూసిన ముక్క ఇంట్లో అలా ఉండకపోవడానికి ఇదొక కారణం.

నాలుగవది. లప్పం పెట్టినచోట ప్రైమర్ వెయ్యకుండా రంగు వేస్తే అక్కడ గోడ ఎక్కువ పీల్చి మచ్చలా కనబడుతుంది. అది రంగు తేడా కాదు, గోడ తేడా.

అయిదవది, అతి ముఖ్యమైనది. రంగు చాలకపోతే గోడ మధ్యలో ఎప్పుడూ ఆగకూడదు. మూల దగ్గర ఆగాలి. మూలకు ఇటూ అటూ వెలుతురు ఎలాగూ వేరుగా పడుతుంది కనుక చిన్న తేడా కంటికి ఆనదు. తేడా వచ్చిన చోట మచ్చ మచ్చగా దిద్దబోతే కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతుంది. దిద్దితే గోడ మొత్తం దిద్దాలి.

ఆరవది. పాత నంబరు ఎంతకీ దొరక్కపోతే, గోడమీద కనబడనిచోట రూపాయి బిళ్ళంత పెచ్చు జాగ్రత్తగా తీసి షాపుకు పట్టుకెళ్ళాలి. కొన్నిచోట్ల దాన్ని మిషనుతో చదివి దగ్గరి రంగు కలిపిస్తారు. అయితే అది దగ్గరి రంగే, అదే రంగు కాదు. ఏళ్ళనాటి గోడ ఎండకు, పొగకు మారిపోయి ఉంటుంది కనుక అసలు నంబరు దొరికినా కొత్త పూత కొత్తగానే కనబడుతుంది. ఏదీ కుదరకపోతే ఆ ఒక్క గోడకూ పూర్తిగా వేరే రంగు, నలుగురికీ కావాలనే వేసినట్టు తెలిసేలా వేసెయ్యడం మేలు. కొంచెం తేడా కంటికి తప్పులా కనబడుతుంది, ఎక్కువ తేడా అందంలా కనబడుతుంది.

ఏడవది మేస్త్రి చెప్పింది కాదు, నేను చేర్చింది. మన వయసువాళ్ళు రంగు ఎంచుకోవడానికి వెళ్ళేటప్పుడు కళ్ళు బాగున్న మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళాలి. శుక్లాలున్నాయని డాక్టరు చెబితే వాయిదా వెయ్యకుండా ఆయన సలహా పాటించాలి.

నా మాటలు ముగిస్తాను. ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. పింఛను ఎవరో దయతలచి పడేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని చెప్పింది. అందుకే ఏటా మనం ఈ సభ జరుపుకుంటున్నాం. కరువు భత్యం బకాయి ఒక్కనెల ఆలస్యమైతే ఇదే వేదికమీద నేనెంత గట్టిగా మాట్లాడానో మీరంతా విన్నారు. అదే మనిషిని, ఒక రెక్కాడితే గాని డొక్కాడని పనివాడి కూలీ 24 రోజులు పట్టి ఉంచాను. విచారణ లేదు, సంజాయిషీ తీసుకోవడం లేదు, ఆయన చెప్పుకోబోయిన మాట పూర్తిగా వినడం కూడా లేదు. ఒక అటెండరుమీద చర్య తీసుకోవాలన్నా ముందు మెమో ఇచ్చి, జవాబుకు గడువిచ్చి, ఆ తరువాతే ఫైలు నడిపేవాళ్ళం. నా ఇంటి అరుగుమీద ఆపాటి రూలు కూడా నేను పాటించలేదు.

ఇప్పుడు మా నడిమి గది నాలుగు గోడలూ ఒకటే సంపెంగ రంగు. మొన్న వేసవిలో ఎడమకంటికి కూడా ఆపరేషన్ అయింది కనుక ఈ మాట రెండు కళ్ళతో చూసి చెబుతున్నాను. మేస్త్రి నాలుగో గోడకు కూలీ ఎంత అని అడిగితే ఒకరోజు కూలీ చెప్పాడు. ఇచ్చాను. వద్దనలేదు, ఎక్కువా అడగలేదు. మా వీధిలో ఎవరు రంగులు వేయించుకుంటున్నా నేనే వెళ్ళి ఆయన పేరు చెబుతున్నాను. ఇప్పటికి రెండిళ్ళ పని దొరికింది. ఇరవై రోజులకు ఇంకా కొన్ని రోజులు బాకీ ఉన్నాను. ఈ సభలో ఎవరైనా సంక్రాంతికి ఇంటికి రంగు వేయించుకునే ఉద్దేశంలో ఉంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి. ఫోను నంబరు ఇస్తాను. ఆయన ఎన్ని లీటర్లు తెమ్మంటే అన్ని లీటర్లూ తెండి.